పైపులకు చొక్కాలు కుట్టే అప్పయ్య

అప్పయ్య గురించి రాసివ్వమని నన్నడిగారు. సింగపూర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళుండగా నన్నే అడగాలా? ఇక్కడి తెలుగు సంఘం వేసే ఉగాది సంచికలో ‘మనలో ఒకరు’ అని ఒక శీర్షిక ఉందట. ఒక మామూలు మనిషి జీవితాన్ని కథలా చెప్పాలట. అడిగినావిడ శ్యామలాదేవి గారు. ఆవిడ కావాలనే నన్నడిగారు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ముందే ఒక మాట చెప్పేస్తాను. అప్పయ్యంటే నాకు కుళ్ళు. అది దాచుకుని మంచి మాటలు రాయడం నా వల్ల కాదు.

నా పేరు శ్యాంసుందర్. మాది టెక్కలి దగ్గర పల్లె. ఐటీఐ చదివి, సింగపూర్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. పైపులకు తొడుగు వేయడం నా పని. ఇక్కడి పెద్ద పెద్ద భవనాల్లో ఏసీ కోసం చల్లటి నీళ్ళు పైపుల్లో తిరుగుతుంటాయి. ఆ పైపుల్ని ఉత్తిగా వదిలేస్తే ఈ ఉక్కకి చెమటపట్టి సీలింగంతా కారుతుంది. అందుకని నల్లటి రబ్బరు ఫోమ్‌ని కోసి, జిగురు రాసి, పైపు చుట్టూ అతికిస్తాం. అతుకు దగ్గర సన్నని సందు ఉన్నా పనికిరాదు. ఆ సందు లేకుండా అతికించడంలో మా కంపెనీలో నన్ను మించినవాడు లేడు. అంటే, మూడేళ్ళ క్రితం దాకా లేడు.

మూడేళ్ళ క్రితం అప్పయ్యని ఇక్కడికి తెచ్చింది నేనే. నా చేతులారా చేసుకున్నాను.

అప్పయ్య మా ఊరి టైలరు. వాళ్ళ నాన్నా టైలరే. పోస్టాఫీసు పక్క అరుగు మీద ఒక మిషను, ఒక బల్ల, గోడకి వేలాడే టేపు, అదే దుకాణం. నా పెళ్ళి చొక్కా కుట్టింది అతనే. కాలరు కాస్త బిగుతైందని ఆ రోజు నేను పేచీ పెట్టాను. నిజానికి కాలరు సరిగ్గానే ఉంది, పెళ్ళికొడుకుననే టెక్కు నాది. ఏమీ అనకుండా విప్పి మళ్ళీ కుట్టిచ్చాడు. తర్వాత మండలంలో రెడీమేడ్ కొట్లు వరసగా వెలిశాయి. చొక్కాలు కుట్టించుకునేవాళ్ళు పోయారు, జాకెట్లకి ఫాల్స్‌కీ వచ్చే ఆడవాళ్ళు మిగిలారు, వాళ్ళూ తగ్గారు. కూతురు తన్మయిని నర్సింగ్‌లో చేర్పించే ఏడు అతని భార్య కొండమ్మ మా ఇంటికి వచ్చి మా ఆవిడ అరుణశ్రీ దగ్గర కూర్చుంది. ఆ రాత్రే ఫోన్లో మా ఆవిడ నాతో చెప్పింది. నేను మా ఏజెంటుకి చెప్పాను. నలభై మూడేళ్ళ వయసులో అప్పయ్య విశాఖపట్నంలో సింగపూర్ పనికి పెట్టే పరీక్ష పాసై, క్రాంజీలో పనివాళ్ళుండే మా డార్మిటరీకి వచ్చి నా పక్క మంచం ఎక్కాడు.

మొదటిరోజు ఫోమ్‌ని టైలరు కత్తెరతో కొయ్యబోయాడు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. కత్తిని నీళ్ళలో తడిపి ఎలా కొయ్యాలో నేనే నేర్పాను. జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటనంతగా ఆరాక అదమాలని నేనే నేర్పాను. అతనికి ఇంగ్లీషు రాదు. కొత్త జిగురు డబ్బా మూత తీసినప్పుడల్లా నా ముందు పెట్టి, “తమ్ముడూ, ఇందులో ఏటి రాసినాడో సూడు” అనేవాడు. చదివి చెప్పేవాణ్ణి. నేను తప్పంటే ఆపేసేవాడు. నేను మాట్లాడకపోతే తప్పు లేదని అర్థం. మూడేళ్ళూ మా ఇద్దరి మధ్యా అదే పద్ధతి.

నేర్పినంతవరకూ నేర్చుకుని ఊరుకుంటే ఏ గొడవా లేదు. పైపు నిటారుగా ఉన్నచోట ఎవరైనా తొడుగు వేస్తారు. అది వంకర తిరిగే ఎల్బో దగ్గరే పనితనం తెలిసేది. నేను ఎల్బోకి మూడు ముక్కలు కోసి అతికిస్తాను, నాకు నేర్పినవాళ్ళూ అంతే చేశారు. అప్పయ్య జేబులోంచి దారం తీసి ఎల్బో చుట్టూ కొలత తీశాడు. పేపరు మీద గీత గీసి ఐదు ముక్కలు కత్తిరించాడు. ఆ కొలతతో ఫోమ్ కోసి, ముక్కల లోపలివైపు సుద్దతో అంకెలు వేశాడు. వాటిని వరసగా అతికిస్తే ఎల్బో మీద ఎక్కడా ముడత లేదు, అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియలేదు.

“సూడు తమ్ముడూ, ఇది సంక లాంటిది” అన్నాడు ఎల్బో లోపలి వంపు మీద వేలు పెట్టి. “సంక కాడ గుడ్డ ఎక్కువైతే ముడత, తక్కువైతే సిరుగు. మనిషైనా పైపైనా అంతే కదేటి.”

సైటు ఇంజనీరు వచ్చి దాన్ని ఫోటో తీసుకున్నాడు. పదకొండేళ్ళలో నా ఎల్బోని ఎవరూ ఫోటో తీయలేదు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

అక్కడితో అయిపోయిందా? డార్మిటరీలో ఆదివారం వస్తే మా గది ముందు వరస. ఒకడికి ప్యాంటు కురచ చెయ్యాలి, ఒకడికి జిప్పు మార్చాలి. తెక్కా బజార్లో కొన్న సూదీ దారంతో అప్పయ్య మంచం మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని కుట్టిపెట్టేవాడు. బంగ్లాదేశ్ వాళ్ళూ తమిళ తమ్ముళ్ళూ అతనికి టీ తెచ్చిచ్చేవాళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఉన్నవాణ్ణి, నాకు ఒక్కడూ టీ తేలేదు. అదీ పోనీ. మా ఆవిడ వీడియో కాల్ చేసి నా మొహం కనపడీ కనపడకముందే, “బావగారున్నారా? ఈ జాకెట్టు భుజం జారిపోతోంది, ఎక్కడ పట్టాలో అడగాలి” అనేది. ఇద్దరూ పావుగంట భుజాల కుట్టు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఫోన్ పట్టుకుని నిలబడ్డం నా వంతు.  మనిషి మంచివాడు కాకపోయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

ఇలా ఉండగా కిందటేడు మా కంపెనీ కొత్త పని మొదలెట్టింది. సొంత ఇళ్ళున్నవాళ్ళు కొందరు నీళ్ళు కాచుకోవడానికి హీట్ పంప్ పెట్టించుకుంటున్నారు. ఏసీ గదిలో వేడిని లాగి బయట పారేస్తుంది కదా, ఇది బయటి వేడిని లాగి ట్యాంకులో నీళ్ళకు పట్టిస్తుంది. సింగపూర్‌లో వేడికేం కొదవ! కాకపోతే ఆ వేడినీళ్ళు వెళ్ళే రాగి పైపుల్ని చాలా ఇళ్ళలో ఉత్తిగా వదిలేశారు. మేడమీది స్నానాలగదికి చేరేసరికి నీళ్ళు గోరువెచ్చన. ఆ పైపులకు తొడుగు వేయడమే కొత్త పని.

బాస్ నన్నూ అప్పయ్యనీ పిలిచి చెప్పాడు. ఇళ్ళ పనికి ఒక్కణ్ణే శాశ్వతంగా పెడతాడట, రెండోవాడు తువాస్ వెళ్ళాలట. మొదటి ఇంట్లో ఇద్దరం చెరిసగం చేస్తే, ఎవరి పని బాగుంటే వాళ్ళకే ఇళ్ళ పని.

తువాస్ అంటే ఓడల మరమ్మతు. వచ్చిన కొత్తలో ఆరేళ్ళు అక్కడ చేశాను. ఇంజను గదిలో దిగితే ఊపిరి ఆడదు, పైపుల చుట్టూ చుట్టే గ్లాస్ ఊల్, అదే గాజుపీచు, ఒంటి నిండా దురద. తెల్లారకముందే లారీ ఎక్కాలి. ఇప్పటికీ నా మోచేతుల మీద ఆ గోకుడు మచ్చలున్నాయి. మళ్ళీ అక్కడికి వెళ్ళడం నాకు చావులాంటిది. ఇళ్ళ పనైతే నీడపట్టున ఉంటాం, మనుషుల మధ్య ఉంటాం. ఎలాగైనా అది నాకే రావాలి. నాకంటే వెనక వచ్చినవాడికి, అదీ నేను తెచ్చినవాడికి పోతే ఇక నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఆ మొదటి ఇల్లు సెంగ్‌కాంగ్ పక్కన వరుస ఇళ్ళ వీధిలో ఉంది. వీరభద్రరావు గారని, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన ఇల్లు. ఆయన భార్యే శ్యామలాదేవి గారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రోజూ వేడినీళ్ళు పడాలి. పని ముందురోజే యంత్రం ఆపేసి, మా మనుషులు చెప్పేదాకా వెయ్యొద్దని బాస్ వాళ్ళకు చెప్పి ఉంచాడు.

బుధవారం వెళ్ళాం. పెరట్లో యంత్రం నుంచి మొదటి అంతస్తు దాకా నాది, అక్కణ్ణుంచి పైన స్నానాలగదుల దాకా అప్పయ్యది. వేడి పైపులకు జిగురు వేరే. కొత్త డబ్బా మూత తీసి అలవాటుగా నా ముందు పెట్టాడు. పూయడం, ఆరబెట్టడం, అదమడం చదివి చెప్పాను. అడుగున సన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. అతికించాక ముప్పై ఆరు గంటలదాకా పైపులో వేడినీళ్ళు పోనివ్వకూడదని. ఓడల్లో చేసినవాణ్ణి, నాకు చదవక్కర్లేకుండానే తెలుసు. అప్పయ్య ఎప్పుడూ చల్లటి పైపుల మీదే చేశాడు. అక్కడ మేం తొడుగు వేసిన ఎన్నో నెలలకు గానీ నీళ్ళు వదలరు, ఆ ప్రశ్నే రాదు. ఆ చివరి వరస నేను చదవలేదు. ఒట్టు, అప్పుడు కుళ్ళుతో కాదు, బద్ధకంతోనే.

నేను గురువారానికే ముగించాను. అప్పయ్య దారాలూ పేపర్లూ ముందేసుకుని ఒక్కో ఎల్బో కొలతకే పూట పూట గడిపి, శుక్రవారం గానీ అతికించడం మొదలెట్టలేదు. శ్యామలాదేవి గారు కాఫీ తెచ్చి అక్కడే నిలబడి చూసేవారు.

“పైపులకు చొక్కాలు కుడుతున్నారేంటండీ అప్పయ్య గారూ!” అన్నారు నవ్వుతూ.

నన్ను ‘బాబూ’ అని, అతన్ని ‘గారూ’ అని. నా కాఫీ చేదెక్కింది. పైనుంచి వాళ్ళమ్మాయి కీర్తిక, “అమ్మా, స్టిల్ కోల్డ్ లా! ఇంకా ఎన్ని డేస్?” అని అరిచింది.

శనివారం సాయంత్రం అప్పయ్య ఆఖరి అతుకు అదిమి నిచ్చెన దిగాడు. నేను పైకెళ్ళి చూశాను. అంత శుభ్రమైన పని నేను నా జన్మలో చెయ్యలేదు. ఇళ్ళ పని అతనిదేనని అప్పుడే అర్థమైంది.

శ్యామలాదేవి గారు మెట్ల దగ్గరికి వచ్చారు. “అయిపోయినట్టేనా? ఇంక యంత్రం వేసుకోవచ్చా? మా వారు చన్నీళ్ళతో నానా అవస్థా పడుతున్నారు.”

అప్పయ్య నా వైపు చూశాడు. జిగురు డబ్బా నా ముందు పెట్టినప్పుడు చూసే చూపే అది.

నేను వంగి కత్తులు సంచిలో సర్దుకోవడం మొదలెట్టాను. నాలుగు కత్తులు, ఒక బ్రష్షు. సర్దడానికి అంతసేపు పట్టదు.

“ఏసుకోండమ్మా” అన్నాడు అప్పయ్య.

సోమవారం పొద్దున బాస్ మా ఇద్దరికీ ఫోన్లో ఫోటోలు చూపించాడు. నా పైపులు నిక్షేపంలా ఉన్నాయి. పైన అప్పయ్య అతుకులన్నీ చేప నోళ్ళలా తెరుచుకున్నాయి. వేడి తగిలి పచ్చి జిగురు వదిలేసింది. ఎవరు వేసుకోమన్నారని బాస్ అడిగాడు. తనే అన్నానని అప్పయ్య చెప్పాడు.  ఫోటో ఇంకా దగ్గరగా పెట్టమని అడిగి, ఒక్కో అతుకూ చూసుకున్నాడు. తన కొలత ఎక్కడ తప్పిందా అని వెతుక్కుంటున్నాడు. బాస్ తేల్చేశాడు: ఇళ్ళు శ్యాంకి, తువాస్ అప్పయ్యకి. లోపల్లోపల నేను చంకలు గుద్దుకున్నాను. ఇది కూడా రాయాలి, రాస్తున్నాను.

బుధవారం ఆ పై భాగం మళ్ళీ అతికించడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. పాత ముక్కలు తీసి పారేసి కొత్తవి కోద్దామనుకున్నాను. తీస్తే ప్రతి ముక్క లోపలా సుద్దతో అంకె ఉంది, ఒకటి నుంచి ఐదు. పైపు మీద పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. పాత జిగురు గీకి, అవే ముక్కలు వరసగా మళ్ళీ అతికించడం తప్ప నాకు పనే లేదు. రోజంతా ఒక్క తప్పు కోసం వెతికాను. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అతని పని పాడైందని సంతోషించినవాణ్ణి, దాన్నే మళ్ళీ నా చేత్తో నిలబెడుతుంటే ఏడుపొచ్చినంత పనైంది.

“అప్పయ్య గారు రాలేదా?” అని అడిగారు శ్యామలాదేవి గారు.

“లేదమ్మా. తువాస్ పంపినారు.”

 సాయంత్రం నేను పని ముగించి దిగాక ఆవిడే అడిగారు, “ఈసారి యంత్రం ఎప్పుడు వేసుకోమంటారు?”

“ముప్పై ఆరు గంటలాగండమ్మా” అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

ఆవిడ కాఫీ గ్లాసు అందించబోతూ ఆగిపోయారు. “ఆ సంగతి మీకు శనివారం తెలీదా బాబూ?”

నేను వేళ్ళకంటిన జిగురు గోక్కుంటున్నాను.

“ఆయన మీ వైపు చూశారు. నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. మీరు సంచి సర్దుకున్నారు.”

“తెలుసమ్మా” అన్నాను.

గ్లాసు నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టారు. అది తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

“మా బాస్‌కి ఫోన్ చేస్తారా అమ్మా?”

“నేనెందుకు చేస్తాను? మీకు నోరు లేదా?”

బస్‌స్టాప్‌లో మూడు బస్సులు వదిలేశాను. నాలుగోది వచ్చేలోగా బాస్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇదేదో గొప్ప పని చేశానని అనుకోకండి. ఆవిడ చూసి ఉండకపోతే చెప్పేవాణ్ణి కాదు.  “శ్యాం, నువ్వు సీనియర్ కదా” అన్నాడు బాస్. తర్వాత, శుక్రవారం నుంచి నువ్వు తువాస్, అప్పయ్యని ఇటు పంపు అన్నాడు.

డార్మిటరీకి వెళ్ళేసరికి అప్పయ్య తువాస్ నుంచి వచ్చి స్నానం చేసి, ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నాడు. మెడ మీద గ్లాస్ ఊల్ దద్దుర్లు ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా కూర్చుని చెప్పాను. డబ్బా మీద ఆఖరి వరస గురించి చెప్పాను. శనివారం నాకు తెలిసే ఊరుకున్నానని చెప్పాను. సూది ఆగిపోయింది.

“నన్నిక్కడికి తెచ్చినోడివి నువ్వే కదా” అన్నాడు. “ఆ ఒక్క మాట సెప్పడానికి నీకేటయ్యింది?”

“కుళ్ళన్నా” అన్నాను. “నీ ఎల్బోలంటే నాకు కుళ్ళు.”

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పళ్ళతో దారం తెంపి, ప్యాంటు మడతపెట్టి, అటు తిరిగి పడుకున్నాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పటికి అప్పయ్య చాలా ఇళ్ళలో పైపులకు తొడుగులు వేశాడు. జనం అతని పేరు చెప్పి పిలిపించుకుంటున్నారట. తన్మయికి నర్సింగ్ చివరి ఏడాది. మా ఊరి అరుగు మీది మిషనుకి కొండమ్మ గుడ్డ కప్పి ఉంచిందట, తిరిగొచ్చాక మళ్ళీ తెరుస్తాడట. ఇవన్నీ నాకు మా ఆవిడ చెబితేనే తెలుస్తాయి. నేను తెల్లారకముందే లారీ ఎక్కుతున్నాను. మోచేతుల మీద కొత్త మచ్చలొచ్చాయి. అప్పయ్య నాతో మాట్లాడడని కాదు. నీళ్ళొస్తున్నాయా, ప్యాకెట్ అన్నం వచ్చిందా, అన్నీ మాట్లాడతాడు. కాకపోతే నన్ను శ్యాంసుందర్ అని పిలుస్తున్నాడు.

శ్యామలాదేవి గారు ఫోన్ చేసి ఈ వ్యాసం అడిగినప్పుడు, వేరేవాళ్ళని అడగండమ్మా అన్నాను. “ఆయన్ని మీరు చూసినంతగా ఇంకెవరు చూశారు బాబూ?” అన్నారు. నిజమే. అతని దారం రంగు కూడా నాకు తెలుసు.

పోయిన ఆదివారం మా గదిలోకి సాంబమూర్తి అని రాజాం వైపు కుర్రాడు కొత్తగా చేరాడు. అప్పయ్య మర్నాటి పనికి కొత్త జిగురు డబ్బా తెచ్చుకున్నాడు. మూత తిప్పి, దాన్ని పట్టుకుని నా మంచం దాటి అతని దగ్గరికి వెళ్ళాడు.

“తమ్ముడూ, ఇందులో ఏటి రాసినాడో సూడు” అన్నాడు.

ఆ కుర్రాడు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఒక మాట దగ్గర తడబడ్డాడు, అప్పయ్య ఓపిగ్గా నిలబడ్డాడు. నేను పక్క మంచం మీదే కూర్చుని ఉన్నాను.